చెన్నై ఉప్పునీళ్లలో షెల్ డ్వెల్లర్ చేపల్ని పెంచడం ఎలా

చెన్నైలో అక్వేరియం మాటెత్తితే మన తెలుగువాళ్ల ఇళ్లలో వినిపించే జవాబు ఒకటే: "మాది బోరు నీళ్లండీ, ఒట్టి ఉప్పు. చేపలు బతకవు." నియాన్ టెట్రాలు, డిస్కస్‌ల సంగతైతే ఆ మాట చాలావరకు నిజమే. అయితే ఉప్పని మనం తిట్టుకునే ఆ సున్నపు నీళ్లే కావాలనే చేపలూ ఉన్నాయి. ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో పుట్టిన, సిక్లిడ్లు అనే కుటుంబానికి చెందిన చిన్న చేపలు అవి. గీజరు కాయిల్‌కీ కుళాయి మూతికీ తెల్లగా పొర కట్టే నీళ్లు మీ ఇంట్లో వస్తుంటే ఈ చేపలకు కావలసింది సగం మీ దగ్గర ఉన్నట్టే. వాటికి ఈ ఊళ్లో కష్టమొచ్చేది ఎండాకాలంలో. అందుకే కింద నీళ్ల గురించీ వేడి గురించీ కాస్త ఎక్కువే రాశాను. మిగతావి తేలిక.

ముందు ఏ చేపో తేల్చుకోండి

టాంగన్యికా ప్రపంచంలో బైకాల్ తర్వాత అన్నిటికన్నా లోతైన సరస్సు. లోతు 1,470 మీటర్లు, పొడవు 670 కిలోమీటర్ల పైమాటే. టాంజానియా, కాంగో, బురుండి, జాంబియా దాని ఒడ్డున ఉన్నాయి. నీటి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 9కి దగ్గరగా ఉంటుంది. సరస్సు అడుగున కొన్నిచోట్ల నియోథౌమా అనే నత్తల ఖాళీ గుల్లలు గుట్టలుగా పేరుకుని ఉంటాయి. నీళ్లలో కార్బొనేట్లు దండిగా ఉండటంవల్ల అవి కరగకుండా ఏళ్ల తరబడి నిలుస్తాయి. బండరాళ్లు లేని ఆ ఇసుక నేలలో పెద్ద చేప వస్తే తలదాచుకోవడానికి చిన్న చేపకు ఆ గుల్లే దిక్కు. ఆ గుల్లల్లోనే ఉంటూ, అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే చేపల్ని షెల్ డ్వెల్లర్లు అంటారు.

వీటిలో మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పేది మల్టీఫాసియాటస్. అందరూ పిలిచే పేరు మల్టీ. మగది బాగా ఎదిగితే నాలుగున్నర సెంటీమీటర్లు, ఆడది మూడు దాటితే గొప్ప. సిక్లిడ్లలో ఇంతకన్నా చిన్నవి లేవనే చెప్పాలి. లేత బూడిదరంగు ఒంటి మీద సన్నటి నిలువు చారలు, నీలం మెరిసే కళ్లు. అన్నిటికీ మించి ఇవి గుంపుగా కాపురం ఉంటాయి. పెద్దవి, పిల్లలు, ఇంకా చిన్న పిల్లలు ఒకేచోట తిరుగుతాయి, ఒకదాన్నొకటి తినేయవు.

ఒసెల్లాటస్ ఇంకొంచెం పెద్దది, ధైర్యం కూడా ఎక్కువ. తొట్టి శుభ్రం చేయడానికి చెయ్యి పెడితే మీదికొచ్చి వేలు కరుస్తుంది. నొప్పి పుట్టదుగానీ ఉలిక్కిపడతారు. రెండడుగుల తొట్టిలో ఒక మగది, ఒకటో రెండో ఆడవి, అంతే. మగవి రెండుంటే ఒకటి మిగలదు. బ్రెవిస్ నెమ్మదైన చేప. జంటలో రెండూ ఒకే గుల్లలో దూరుతాయి. సిమిలిస్ చూడటానికి మల్టీలాగే ఉంటుంది, చారలు తల మీదికి కూడా వస్తాయి. ఈ రెంటినీ ఒకే తొట్టిలో వేయకండి. జత కలిసి సంకరం పుడుతుంది, ఆ పిల్లలు ఏ జాతివో ఎవరూ చెప్పలేరు.

దుకాణంలో "ఆఫ్రికన్ సిక్లిడ్ మిక్స్" అని రాసిన తొట్టిలో పసుపు, నీలం, నారింజ రంగుల్లో కళకళలాడుతూ తిరిగేవి ఇవి కావు. అవి మలావీ సరస్సు నుంచి వచ్చిన ఎంబునా జాతులు, చాలావరకు సంకరాలు. కొనేటప్పుడు నాలుగు సెంటీమీటర్లే ఉంటాయి. ఎదిగితే పది, పన్నెండు. రాళ్ల సందుల కోసం కొట్టుకు చస్తాయి. నాలుగడుగుల తొట్టి లేనివాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

తొట్టి, దాన్ని పెట్టే చోటు

మల్టీల గుంపుకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి చాలు. లెక్కకు సుమారు 56 లీటర్లు, ఇసుక పోగా నీళ్లు 40 చిల్లర పడతాయి. మూడడుగులది పెట్టగలిగితే ఇంకా మంచిది. నీళ్లు ఎంత ఎక్కువుంటే వేడి అంత నెమ్మదిగా ఎక్కుతుంది. ఈ చేపలు అడుగునే తిరుగుతాయి కాబట్టి ఎత్తుకు డబ్బు పెట్టకండి, నేల వైశాల్యానికి పెట్టండి.

రెండడుగుల తొట్టి నిండాక 70 కిలోలకు దగ్గరగా తూగుతుంది. కంప్యూటర్ టేబుల్ మీద పెట్టేది కాదు. చెన్నై ఇళ్లలో ఇంకో సంగతి చూడాలి: పడమటి కిటికీ ఉన్న గోడ, డాబా కింద ఉండే పై అంతస్తు గది పనికిరావు. ఏప్రిల్ రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే ఆ గోడ పక్కన తొట్టి పెట్టకండి. హాల్లో లోపలి గోడకు ఆనించి, రోజూ మీరు కూర్చునే చోటికి ఎదురుగా పెట్టుకుంటే మేలు. ఈ చేపలు చేసే పనులు చిన్నవి, దూరం నుంచి కనబడవు.

నీళ్లు

చెన్నై ఫ్లాట్లలో సాధారణంగా మూడు రకాల నీళ్లుంటాయి. బోరుది, మెట్రో వాటరు, ఆర్వో నుంచి వచ్చే తాగేనీళ్లు. బోరు ఎండితే లారీ నీళ్లు.

ఈ చేపలకు కావలసిన లెక్క ఇది. పీహెచ్ 7.8 నుంచి 9 లోపు. కేహెచ్, అంటే నీళ్లలో కార్బొనేట్ పాలు, 10 డిగ్రీల పైన. జీహెచ్, అంటే కాల్షియం మెగ్నీషియం కలిపి, 10 నుంచి 20 డిగ్రీలు. వీటిని చూడటానికి చుక్కలు వేసే లిక్విడ్ కిట్ కొనండి. చాలా కిట్లలో ఒక్కో చుక్క ఒక డిగ్రీ. ఐదు మిల్లీలీటర్ల నీళ్లలో రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. టీడీఎస్ పెన్ను ఒక్కదాన్నే నమ్ముకోకండి. అది నీళ్లలో ఎంత కరిగిందో చెబుతుందిగానీ కరిగింది సున్నమో ఉప్పో చెప్పదు. సముద్రం దగ్గరి పేటల్లో కొన్ని బోర్లలో నిజంగానే ఉప్పు దిగి ఉంటుంది. పుక్కిలిస్తే ఉప్పగా తగిలే నీళ్లు ఈ చేపలకూ పనికిరావు. గిన్నెలో కాస్తే అడుగున తెల్లటి పొర దిగే నీళ్లు మనకు కావలసినవి.

బోరు నీళ్లు పట్టిన వెంటనే పీహెచ్ చూస్తే 7 చిల్లరే చూపించవచ్చు. భూమి లోపల నీళ్లలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది, దానివల్ల పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది. బకెట్‌లో గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు గాలి కొట్టించి మళ్లీ చూడండి. 8 దాటడం మామూలే. ఆ రెండో అంకే మీ తొట్టిలో నిలిచేది.

పెద్ద అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. మోటారు రూములో సాఫ్ట్‌నర్ ప్లాంటు పెడతారు. అది కాల్షియం తీసేసి ఆ చోట సోడియం వదులుతుంది. సబ్బు బాగా నురుగొస్తుంది, చేపకు మాత్రం జీహెచ్ దాదాపు సున్నా. వాచ్‌మన్‌నో ప్లంబర్‌నో అడిగి సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి ఎక్కడుందో కనుక్కుని అక్కడి నుంచి పట్టుకోండి.

మెట్రో వాటరు ఒకే చోటి నీళ్లు కాదు. రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులవి, కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో పూండికి చేరే కృష్ణా నీళ్లు, మీంజూరు, నెమ్మేలిలో సముద్రపు నీళ్లను శుద్ధి చేసి తీసినవి. ఏ పేటకు ఏవి వస్తాయన్నది కాలాన్ని బట్టి మారుతుంది. కాబట్టి మెట్రో నీళ్లు వాడేవాళ్లు నెలకోసారైనా కేహెచ్ చూసుకోవాలి. క్లోరిన్ కూడా ఉంటుంది. దుకాణాల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కలు వేశాకే తొట్టిలో పోయాలి. లారీ నీళ్లకూ ఇదే పద్ధతి.

కేహెచ్ తక్కువొస్తే ఖరీదైన సీసాలు కొననక్కర్లేదు. వంటసోడా చాలు. 50 లీటర్ల నీళ్లకు ఆరు గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను, వేస్తే కేహెచ్ నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. జీహెచ్‌కు మందుల షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్. అదే 50 లీటర్లకు ఐదు గ్రాములేస్తే రెండు డిగ్రీలకు కాస్త పైన పెరుగుతుంది. మారుస్తున్న కొత్త నీళ్లలో కలిపి పోయాలి, తొట్టిలో నేరుగా చల్లకూడదు. వంటసోడా అంటే ఉట్టి సోడియం బైకార్బొనేట్. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ వేరు, అది వేయకండి.

గుల్లలు

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, మన ఊళ్లు దీనికి బాగా కలిసొస్తాయి. విదేశాల్లో ఈ చేపలు పెంచేవాళ్లు నత్తగుల్లలు డబ్బులు పోసి కొంటారు. మన నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు పల్లెల్లో వరి కోసిన మళ్ల గట్ల వెంట, ఎండిన చెరువు అంచుల్లో పెద్ద నత్తల ఖాళీ గుల్లలు ఎన్నో దొరుకుతాయి. మూతి వెడల్పుగా, లోపల గుండ్రంగా తిరిగి ఉండే ఆ గుల్ల మల్టీకి సరిగ్గా సరిపోతుంది. ఎండాకాలం సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లల్ని వెంటేసుకుని ఏరుకురండి. ఖాళీవే ఏరండి. గుల్ల కోసం నత్తను చంపవద్దు.

మూడు నుంచి ఐదు సెంటీమీటర్లవి, మూతి విరగనివి ఎంచుకోండి. ఒక్కో చేపకు మూడు గుల్లలైనా ఉండాలి. ఎనిమిది చేపలకు పాతిక గుల్లలు అనుకోండి. పొలంలో మందులు కొట్టి ఉంటారు కాబట్టి శుభ్రం చేయడంలో తొందర పనికిరాదు. ముందు ఒక వారం బకెట్‌లో నానబెట్టి రోజూ నీళ్లు మార్చండి. తర్వాత వంటకు వాడని గిన్నెలో పది నిమిషాలు ఉడికించండి. చల్లారాక ఒక్కోదాన్నీ నీళ్లతో నింపి, వేలితో మూతి మూసి, గట్టిగా కుదిపి పారబోయండి. లోపలి మలుపుల్లో ఇరుక్కున్న మట్టి అప్పుడే బయటికొస్తుంది. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. కుళ్లువాసన తగిలితే లోపల నత్త మాంసం ఎండిపోయి ఉందన్నమాట. అలాంటిది పారేయండి. అదొక్కటి చాలు తొట్టిలో అమ్మోనియా పెరగడానికి.

మహాబలిపురం దుకాణాల్లో మెరిసే సముద్రపు గుల్లలు కొనకండి. మెరుపు కోసం వార్నిష్ పూసి ఉంటారు. పైగా సముద్రపు గుల్లల్లో కొన్ని జాతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, వాటిని అమ్మినా కొన్నా నేరమే.

ఇసుక మెత్తగా ఉండాలి, ఎందుకంటే ఈ చేప నోటితో తవ్వుతుంది. బిల్డింగ్ పనికి వాడే ఎం-శాండ్ రాయిని పగలగొట్టి తీసింది, రేణువుల అంచులు పదును. బీచ్ ఇసుకలో ఉప్పుంటుంది. అక్వేరియం దుకాణంలో సన్నటి సిలికా ఇసుక కొని, బకెట్‌లో పైకి తేట నీళ్లొచ్చేదాకా కడగండి. రెండడుగుల తొట్టిలో ఐదు సెంటీమీటర్ల మందానికి 14, 15 కిలోలు పడుతుంది. దానిలో రెండు గుప్పిళ్లు పగడపు పొడి కలిపితే కేహెచ్ పడిపోకుండా కాస్త ఆసరాగా ఉంటుంది. రాళ్లు పెట్టాలనుకుంటే ముందు అద్దం మీద ఆనించి, తర్వాత ఇసుక పోయండి. ఇసుక మీద రాయి పెడితే చేప దాని కిందే తవ్వుతుంది, రాయి కూలుతుంది.

గుల్లల్ని మూతి పైకొచ్చేట్టు ఇసుక మీద పరిచి వదిలేయండి. ఎలా సర్దాలన్నది చేపకు తెలుసు. ఆడచేప గుల్ల పక్కన తల కిందికి పెట్టి నోటినిండా ఇసుక తీసుకుంటుంది, నాలుగు వేళ్ల దూరం ఈది అక్కడ ఉమ్మేస్తుంది, మళ్లీ వెనక్కొస్తుంది. కాసేపటికి గుల్ల కిందికి దిగుతుంది. అప్పుడు ఒళ్లంతా జాడించి ఇసుకను గుల్ల మీదికి ఎగదోస్తుంది. రెండు రోజులు తిరిగేసరికి ఇసుకలో గుండ్రటి మూతి ఒక్కటే కనబడుతుంది, దాని నుంచి రెండు నీలికళ్లు. మీరు అందంగా పేర్చినవన్నీ అవి తిరగేసి పెట్టుకుంటాయి. మళ్లీ సర్దకండి.

చేపలకు ముందు బాక్టీరియా

ఫిల్టర్‌కు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరే మంచిది. చౌక, నీళ్లలో గాలి కలుపుతుంది, పిల్లల్ని లోపలికి లాగేయదు. ఇసుకలోకి దూరకుండా చిన్న రాయి మీద ఎత్తుగా పెట్టండి.

తొట్టి నింపి ఫిల్టరు పెట్టిన రోజే చేపలు తేవడం ఏ చేపకైనా చెడ్డదే, ఈ చేపలకు మరీ ప్రమాదం. కారణం పీహెచ్. చేప విసర్జించే అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి విషం, రెండోది అంత హాని చేయదు. 27 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే విషపు పాలు నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8.5 అయితే నూటికి 17 పాళ్లు. అంటే పీహెచ్ 7 ఉన్న తొట్టిలో కిట్ చూపించినంత అమ్మోనియానే ఇక్కడ చూపిస్తే, ఇక్కడి చేప మీద పడే విషం పాతిక రెట్లు.

కాబట్టి ఖాళీ తొట్టిలో ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినే బాక్టీరియా స్పాంజిలో పెరుగుతుంది. అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. తెలిసినవాళ్ల ఇంట్లో జబ్బుల్లేని పాత తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజి ఒకటి అడిగి మీ తొట్టిలో పెట్టుకోండి, సమయం బాగా తగ్గుతుంది. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం కనబడుతోంది అని కిట్ చెప్పాకే చేపల కోసం బయల్దేరండి.

కొనడం, వదలడం

రంగుచేపల వ్యాపారానికి చెన్నైలో కొళత్తూరు పేరున్న చోటు. అక్కడ "ఆఫ్రికన్ సిక్లిడ్ ఉందా" అని అడిగితే ఎంబునా తొట్టి చూపిస్తారు. "అన్నా, షెల్ డ్వెల్లర్ మల్టీ ఉందా?" అని అడగండి. లేదంటే నెంబరిచ్చి రండి, వచ్చినప్పుడు చెబుతారు. ఇంట్లో పిల్లలు చేయించి అమ్మే అభిరుచి ఉన్నవాళ్ల దగ్గర దొరికితే అది ఇంకా మంచిది. ఆ చేపలు చెన్నై నీళ్లలోనే పుట్టినవై ఉంటాయి.

పిల్లగా ఉన్నప్పుడు మగ ఆడ తేడా తెలియదు, అందుకే ఆరు నుంచి ఎనిమిది కొనండి. గుంపులో రెండు రకాలూ ఉంటాయి. కడుపు లోపలికి పీక్కుపోయినవి, రెక్కలు ముడుచుకుని మూల నిలబడేవి వద్దు. దుకాణందారు నీళ్ల పీహెచ్ మీదానికన్నా తక్కువుండే అవకాశం ఎక్కువ. కవరు తేల్చి వెంటనే వదిలేయకండి. చేపల్ని వాటి నీళ్లతోసహా చిన్న బకెట్‌లో పోసి, సన్నటి గొట్టంతో తొట్టి నీళ్లు చుక్కచుక్కగా దిగనివ్వండి. గంటసేపు పడుతుంది. తర్వాత నెట్‌తో పట్టి చేపల్ని మాత్రమే తొట్టిలో వేయండి, కవరు నీళ్లు పారబోయండి. మొదటి రోజు ఒక్కటీ కనబడదు, గుల్లల్లో దూరిపోతాయి. లైటు ఆర్పేసి వదిలేయండి.

రెండడుగుల తొట్టిలో వీటికి తోడు ఇంకే చేపా వద్దు. అద్దం మీద పాచి తింటుందని దుకాణాల్లో అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి ఎదుగుతుంది, గుల్లలన్నీ దొర్లించేస్తుంది. మూడడుగులదైతే ఒక మూల రాళ్లు పేర్చి జూలిడోక్రోమిస్ అనే, అదే సరస్సు సిక్లిడ్ల జంటను పెట్టవచ్చు. అవి రాళ్లు వదలవు, ఇవి గుల్లలు వదలవు.

ఎండాకాలం

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని మనవాళ్లంటారు. చెన్నైలో మే మొదటి వారంలో అగ్ని నక్షత్రం మొదలైనప్పటి నుంచే ఆ వరస. ఈ చేపలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. 29 దాకా సర్దుకుంటాయి. ఏసీ లేని గదిలో మే మధ్యాహ్నం తొట్టి నీళ్లు 32 తాకుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాములు పడితే, 32 దగ్గర 7.3. మరోపక్క వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. అమ్మోనియాలో విషపు పాలు కూడా వేడితో పెరుగుతుంది. మూడూ ఒకేసారి మీద పడతాయి.

మొదట చేయవలసింది తొట్టి పై అద్దం మూత తీసేసి దోమతెర గుడ్డ బిగించడం. తర్వాత చిన్న క్లిప్ ఫ్యాన్ ఒకటి నీటి మీదికి ఏటవాలుగా తిప్పి పెట్టండి. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు అంత దిగదు, అయినా తీయకండి. ఫ్యాన్ పెడితే తొట్టి మట్టం రోజూ తగ్గుతుంది. తగ్గినంతా ఉట్టి నీళ్లే, సున్నం తొట్టిలోనే మిగిలిపోతుంది. ఆ తగ్గిన మేరకు బోరు నీళ్లు పోస్తూ పోతే నెల తిరిగేసరికి జీహెచ్ హద్దు దాటుతుంది. ఇక్కడే ఆర్వో నీళ్లు పనికొస్తాయి. ఆవిరైనదానికి ఆర్వో నీళ్లు, వారం వారం మార్చేదానికి బోరు నీళ్లు. ఈ రెంటినీ కలగాపులగం చేయకండి.

డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఎండాకాలంలో నీళ్లు మార్చాలంటే తెల్లవారుజామున పట్టి, బకెట్‌లో థర్మామీటరు పెట్టి, తొట్టితో ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటేనే పోయండి. ఐసు గడ్డలు వేయడం, ఫ్రీజర్ బాటిల్ తేల్చడం గంటలో నాలుగు డిగ్రీలు దించి మళ్లీ ఎక్కిస్తాయి, ఆ ఊపు వేడికన్నా చెరుపు. తప్పనిసరైతే చిన్న బాటిల్ ఒకటి, థర్మామీటరు చూసుకుంటూ.

మామూలుగా అడుగునే తిరిగే మల్టీ నీటి పైభాగానికి వచ్చి దవడలు గబగబా ఆడిస్తోందంటే ఆక్సిజన్ చాలడం లేదు. రెండో ఎయిర్ స్టోన్ వేయండి, ఆ రోజు మేత మానేయండి.

కరెంటు పోతే కూడా ఇంతే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలో ఎన్నో పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి, సెల్స్ సహా, బీరువాలో ఉంచుకోండి. అదీ లేకపోతే చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి తొట్టిలోకే పోస్తూ ఉండండి. మేత మాత్రం వేయవద్దు. రెండు మూడు రోజులు తిండి లేకపోతే ఈ చేపలకు ఏమీ కాదు.

డిసెంబరు, జనవరిలో హీటరు అవసరమా అని అడుగుతారు. చెన్నై ఇళ్లలో నీళ్లు 24కి కింద దిగడం అరుదు, అక్కర్లేదు. బెంగళూరులో ఉన్న మీ అన్నయ్యకు మాత్రం కావాలి.

ఇంకో మాట. బొద్దింకల మందు కొట్టడానికి మనుషులు వచ్చినప్పుడు ఎయిర్ పంపును బాల్కనీలో పెట్టి గొట్టం లోపలికి లాగండి. పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి వదులుతుంది. తొట్టి మీద తడి దుప్పటి కప్పండి.

మేత, నీళ్లు మార్చడం

నోరు చిన్నది కాబట్టి మేత నలిపి వేయాలి. మంచి సన్న పెల్లెట్లు రోజూ రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేటంత. వారానికి ఒకటి రెండుసార్లు ఆర్టీమియా లేదా డాఫ్నియా అనే చిన్న నీటిపురుగులు. దుకాణాల్లో బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు అమ్ముతారు, మురుగులో పెరిగేవి, వద్దు. వారానికోసారి ఐదో వంతు నీళ్లు మార్చండి. సైఫన్ గొట్టం ఇసుకకు కాస్త పైన పట్టుకుని పైమురికి మాత్రం లాగండి. లోతుగా దింపితే పిల్లలు కొట్టుకుపోతాయి. స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కాదు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మేత డబ్బా పక్కింటివాళ్ల చేతికివ్వకండి. ప్రేమకొద్దీ నాలుగింతలు వేస్తారు. ఐదారు రోజులు పెద్ద చేపలు ఆకలికి ఆగుతాయి. అంతకన్నా ఎక్కువ రోజులైతే ఒక్కో రోజుకూ ఒక్కో కాగితం పొట్లం కట్టి ఇచ్చి వెళ్లండి.

పిల్లలు

నీళ్లు కుదిరితే మీరేమీ చేయనక్కర్లేదు. ఆడది గుల్ల లోపలి గోడకు గుడ్లు అతికిస్తుంది, మగది మూతి దగ్గర నిలబడి పని ముగిస్తుంది. ఇదంతా మీకు కనబడదు. ఆడచేప ఒకే గుల్ల మూతి దగ్గర రెక్కలు ఆడిస్తూ కదలకుండా ఉండటం గమనించండి. వారం పదిరోజులకు ఆ మూతి అంచున ఆవగింజంత కళ్లు రెండు మెరుస్తాయి. నీడ పడితే లోపలికి జారిపోతాయి, కాసేపటికి మళ్లీ అంచుకొస్తాయి. మొదటి కాన్పుకు నాలుగైదే ఉండవచ్చు. పెద్దవాటికి వేసిన మేతను వేళ్లతో పొడిగా నలిపి ఆ గుల్ల మీద కాస్త రాల్చితే చాలు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా దొరికితే ఇంకా త్వరగా ఎదుగుతాయి.

మొదటి పిల్లలు ఇంకా పూర్తిగా ఎదగకముందే రెండో కాన్పు మొదలవుతుంది. పాత పిల్లలు కొత్తవాటి చుట్టూనే తిరుగుతాయి. ఏడాది తిరిగేసరికి తొట్టి నిండిపోతుంది, ఇసుక మీద హద్దుల కోసం తగాదాలు పెరుగుతాయి. అప్పుడు కొన్నిటిని తీయాలి.

నెట్ పట్టుకుని వెంటాడితే దొరకవు, గుల్లల్లోకి పోతాయి. చేప దూరిన గుల్లను మూతి మీద వేలుంచి నీళ్లలోనే మెల్లగా ఎత్తండి. నీళ్లున్న డబ్బాలో పెట్టి, మూతి కిందికి వంచి, గుల్ల నుంచి నీళ్లు కొద్దికొద్దిగా జారనివ్వండి. నీళ్లతోపాటు చేపా దిగుతుంది. గుచ్చడం, గట్టిగా ఊపడం వద్దు. తొట్టి నుంచి ఏ గుల్ల బయటికి తీసినా ఖాళీయేనని నిర్ధారించుకునే పక్కన పెట్టాలి. ఒక పిల్ల లోపలుండగా ఎండబెట్టేస్తే తెలియనైనా తెలియదు.

ఎక్కువైన చేపల్ని చెరువులోనో అడయారు నదిలోనో మాత్రం వదలకండి. చెన్నై మార్కెట్లో జిలేబీ అని అమ్మే తిలాపియా కూడా ఆఫ్రికా సిక్లిడే. 1952లో మన దేశానికి తెచ్చారు, ఇవాళ దక్షిణాది చెరువుల్లో అది లేని చోటు వెతుక్కోవాలి. మన సొంత చేపలకు దానివల్ల జరిగింది చాలు.

దుకాణంవాళ్లు మల్టీ పిల్లల్ని తీసుకుని బదులుగా మేతో, టెస్ట్ కిట్టో ఇస్తారు, అడగండి. తెలిసినవాళ్లకు ఇస్తే ఆరుకు తక్కువ కాకుండా ఇవ్వండి. కవరులో మీ తొట్టి నీళ్లే పోసి, ముందు రోజు మేత ఆపి, చల్లటి పూట పంపండి. ఒక చీటీ మీద మీ పీహెచ్, కేహెచ్, జీహెచ్ అంకెలు రాసి కవరుకు అంటించండి. తీసుకునేవాళ్లకు తొట్టి కొత్తదైతే ఆ చేపల్ని ఇంకో నెల మీ దగ్గరే ఉంచుకుని, ఈలోపు మీ పాత స్పాంజి ముందుగా పంపండి.